మా నానమ్మ పుట్టిల్లు రాజమండ్రి

జూన్ 5, 2025. గురువారం.

పొద్దున ఏడింటికి ఇస్త్రీ చీర కట్టుకుని, ముఖానికి నవ్వు తగిలించుకుని, పటాన్‌చెరు హైవే మీద హోటల్లో ఇడ్లీ తినడం. దీని పేరు నెట్‌వర్కింగ్.

మంజీరా బిజినెస్ సర్కిల్‌లో ఒక్కో వ్యాపారానికి ఒక్కటే సీటు. సేఫ్టీ షూస్ సప్లయికి ప్రెసిడెంట్ రాజశేఖర్ గారు. ఫ్లెక్సీలకు నవీన్‌కుమార్. క్యాటరింగ్‌కు నేను, అంటే మా ‘పంక్తి’. నేను ఆ కుర్చీలో ఉన్నంతకాలం ఇంకో వంట మనిషి మెంబర్ కావడానికి లేదు. చేరినప్పుడు ఈ రూల్ నాకు తెగ నచ్చింది. ఇప్పటికీ నచ్చుతుంది, అబద్ధమెందుకు.

ప్రతివారం అందరూ లేచి ఒక్క నిమిషం తమ వ్యాపారం గురించి చెప్పుకోవాలి. మొదటివారం నేను ప్యూర్ వెజ్, నీట్‌నెస్, టైముకు డెలివరీ అని ఏవో చెప్పాను. అందరూ ఫోన్లు చూసుకున్నారు. రాజశేఖర్ గారు పక్కకు పిలిచి, మేడం గిట్ల చెప్తే ఎవలు వింటరు, స్టోరీ కావాలె, జెర ఎమోషన్ ఉండాలె అన్నారు.

మరుసటివారం స్టోరీ చెప్పాను. మా నానమ్మ, ఆమె ఒళ్ళో కూచుని నేను, ఇత్తడి పళ్ళెంలో ఆవ పెట్టిన పులిహోర, ఆ ఘాటుకు నా కళ్ళలో నీళ్ళు, నానమ్మ కొంగుతో తుడవడం. చప్పట్లు. ఆరోజు రెండు ఆర్డర్లు వచ్చాయి. అప్పట్నుంచి అదే కథ.

మా నానమ్మ సంగారెడ్డిలో మా పప్పుల దుకాణంలో తక్కెడ ముందు కూచుని జీవితం గడిపేసిన మనిషి. ఆమె పొయ్యి దగ్గరికి పోగా నేను చూడలేదు. సాయంత్రమైతే హోటల్ నుంచి మిర్చి బజ్జీ తెప్పించుకుని దుకాణంలోనే తినేది. నన్ను ఒళ్ళో కూచోబెట్టుకున్నదీ లేదు. ఒళ్ళో ఎప్పుడూ గల్లాపెట్టె ఉండేది.

ఆ పులిహోర నాగరత్నం ఆంటీది. పెళ్ళైన కొత్తలో నేనూ అమర్ ఇస్నాపూర్‌లో ఆమె ఇంటి మేడమీద కిరాయికి ఉన్నాం. ఆంటీ వాళ్ళది గోదావరి వైపు. అంకుల్ ఉద్యోగం కోసం వచ్చి ఇక్కడే ఉండిపోయారు. ఆయన పోయాక ఆమె కింద వాటాలో ఫ్యాక్టరీ పిల్లలకు మెస్ పెట్టారు. అంకుల్ వాచీ, పెద్ద డయల్ ఉన్న మగవాళ్ళ వాచీ, కుడి చేతికి పెట్టుకునేవారు. పులిహోర కలిపేటప్పుడు దాన్ని మోచేతి దాకా నెట్టుకుని చెయ్యి పెట్టేవారు. నాకు వంట నేర్పింది ఆ చెయ్యి. క్యాటరింగ్ పెట్టుకోమని వెంటపడిందీ ఆమే.

కథలో ఆమె పేరే చెప్పొచ్చు. కానీ మెస్ ఆంటీ అంటే చిన్నగా అనిపించింది. నానమ్మ అంటే బ్రాండు.


జూన్ 12. గురువారం.

జూలై 3న విజిటర్స్ డే అట. ప్రతి మెంబర్ ఒక కొత్త మనిషిని తీసుకురావాలి. తేనివాళ్ళ పక్కన ఖాళీ కుర్చీ వేసి, దానికి మన పేరు అంటిస్తారట. స్కూల్లో బెంచీ ఎక్కించినట్టు. రాజశేఖర్ గారు దీన్ని మోటివేషన్ అంటున్నారు.

అసలు సంగతి వేరే. బొల్లారంలో ఒక ఫార్మా కంపెనీ హెచ్‌ఆర్ హెడ్ వెంకట సాయి గారు ఆరోజు వస్తున్నారు. వాళ్ళ ప్లాంటుకు రోజూ భోజనం పెట్టే కాంట్రాక్టర్‌ను మార్చబోతున్నారట. ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవు. నాకా కాంట్రాక్టు కావాలి. ఖాళీ కుర్చీ పక్కన కూచుని మాత్రం అడగలేను.


జూన్ 27.

ఎవరూ రామన్నారు. బ్యూటీ పార్లర్ హైమావతి వచ్చేదే కానీ, వాళ్ళ సీటులో ఇంకొకామె ఉంది. మందుల దుకాణం కొమురయ్య గారైతే, పొద్దుగాల ఏడింటికి దుకాణం తియ్యాల్నా, మీ ఇడ్లీ తినాల్నా అని నవ్వారు.

నాగరత్నం ఆంటీకి ఫోన్ చేశాను. ఎన్నాళ్ళకు గుర్తొచ్చానమ్మాయ్ అన్నారు. మెస్ బాగా పడిపోయిందట. పక్క ఫ్యాక్టరీ వాళ్ళు లోపలే క్యాంటీన్ పెట్టుకున్నారు. వంటలో సాయానికి ఉన్న ఇద్దరాడవాళ్ళను మానిపించడానికి మనసొప్పడం లేదట. ఎక్కడైనా చిన్న కంపెనీ భోజనాలు దొరికితే చాలు, నిలదొక్కుకుంటాను అన్నారు.

నేనేమన్నాను? పెద్ద పెద్దవాళ్ళు వస్తారాంటీ, పరిచయాలవుతాయి, రండి అన్నాను. ఒకే సీటు రూల్ గురించి చెప్పలేదు. ఆమె వస్తానని ఎంత సంతోషపడ్డారో.

నాకు కావలసింది కుర్చీలో కూచునే మనిషి. అంతే.


జూలై 2.

విజిటర్ పేరు, వ్యాపారం పంపమని మెసేజ్ వచ్చింది. క్యాటరింగ్ అని రాస్తే రానివ్వరు. హోమ్ మేకర్ అని రాసి పంపాను. ఒక్క పూటే కదా.

రేపు నానమ్మ కథ చెప్పను. ఫుడ్ సేఫ్టీ లైసెన్స్, స్టీమ్ కుకింగ్, అదే మాట్లాడతాను. అద్దం ముందు రెండుసార్లు అనుకున్నాను. అమర్ మంచం మీంచి విని, చప్పగ ఉన్నది, ఉప్పు కారం లేదు అన్నాడు. ఆంటీ వస్తున్న సంగతి చెప్పాను. లేచి కూచున్నాడు. నీకేమన్న దిమాక్ ఉన్నదా అన్నాడు.


జూలై 3. గురువారం.

ఆంటీ నాకంటే ముందే వచ్చేశారు. చిలకాకుపచ్చ పట్టుచీర, జడలో పూలు, చేతికి అదే వాచీ. ఇంకో చేతిలో స్టీలు క్యారియర్. అదేంటని అడగలేదు. అడిగి ఉండాల్సింది.

గుమ్మం దగ్గర బ్యాడ్జి ఇచ్చారు. నాగరత్నం, హోమ్ మేకర్. ఆమె కళ్ళద్దాలు సర్దుకుని చదువుకున్నారు. ఇరవై ఏళ్ళు మెస్ నడిపిన మనిషి. నా వంక చూశారు. నేను ఫోన్ చూసుకున్నాను. ఆమె ఆ బ్యాడ్జిని పట్టుచీరకు వంకర లేకుండా పెట్టుకున్నారు.

వెంకట సాయి గారు ముందు వరసలో కూచున్నారు. నా వంతు వచ్చింది. లేచి స్టీమ్ కుకింగ్ మొదలుపెట్టాను. రెండు మాటలైనా కాలేదు, రాజశేఖర్ గారు మైకు లాక్కుని, ఆగున్రి ఆగున్రి, మేడం, నానమ్మ స్టోరీ లేకుంటే ఎట్ల, మన గెస్టులు వినాలె గద అన్నారు. అందరూ చప్పట్లు. నానమ్మ, నానమ్మ అని వెనకనుంచి ఎవరో.

చెప్పాను.

ఇత్తడి పళ్ళెం చెప్పాను. ఒడి చెప్పాను. ఆవ నూరిన రోలు కూడా చెప్పాను, అది అంతకుముందు కథలో లేదు. గోడమీద గడియారం చూస్తూ చెప్పాను. కొంగుతో కళ్ళు తుడవడం దగ్గరికి వచ్చేసరికి నిజంగానే నా కొంగుతో కళ్ళు తుడుచుకున్నాను. అది చూసి ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు. ఆ కొంగు ఎవరిదో నాకు తెలుసు. మిరపకాయల ఘాటుకు ఏడుస్తుంటే తుడిచిన ఆ కొంగు నాలుగడుగుల దూరంలో ఉంది.

అక్కడితో అయిపోతే బాగుండు. వెంకట సాయి గారు చెయ్యెత్తారు. మీరు సంగారెడ్డివాళ్ళమంటున్నారు, పులిహోరలో ఆవ పెట్టడం మా గోదావరి వైపు పద్ధతి కదండీ, ఈ వైపు పెట్టగా నేను చూడలేదు, మీ నానమ్మగారికి ఎలా వచ్చింది అని అడిగారు. మామూలుగానే అడిగారు, ఇష్టంగా. నవ్వాను. ఆ నవ్వు ఎంతసేపు నవ్వానో.

ఆంటీ లేచి నిలబడ్డారు. నా పని అయిపోయిందనుకున్నాను. అవ్వాలనే అనుకున్నానేమో కూడా.

వాళ్ళ నానమ్మగారి పుట్టిల్లు రాజమండ్రి అండి, మా వైపే అన్నారు. ఆవిడ చేతి పులిహోర నేనూ తిన్నానండి, ఈ పిల్ల చెయ్యి అచ్చం అలాగే పడింది, మీరు నమ్మకంగా ఇచ్చుకోవచ్చు అన్నారు. కూచున్నారు. కాలితో క్యారియర్‌ను కుర్చీ కిందికి జరుపుకున్నారు.

వెంకట సాయి గారి ముఖం వెలిగిపోయింది. మా అమ్మదీ రాజమండ్రేనండి అన్నారు.

బయటికి వచ్చాక ఆటో ఎక్కిస్తూ, క్యారియర్లో ఏంటాంటీ అని అడిగాను. పెరుగన్నం తల్లీ, మధ్యాహ్నానికి అన్నారు. పెరుగన్నం నుంచి ఆవ ఘాటు రాదు. ఆటో కదిలేదాకా నేను ఆ వాసనలో నిలబడి ఉన్నాను. పదిమందికి రుచి చూపిద్దామని తెల్లారకముందే లేచి కలిపి ఉంటారు. మూత తీయకుండా పట్టుకుపోయారు.

బెస్ట్ వన్ మినిట్ బ్యాడ్జి ఈవారం నాకే ఇచ్చారు.


జూలై 4.

ఆంటీ ఫోన్. ఎత్తలేదు.


జూలై 9.

బొల్లారం ఆర్డర్ వచ్చింది. ఆగస్టు ఒకటి నుంచి రోజూ మధ్యాహ్నం భోజనం, శుక్రవారం శుక్రవారం నానమ్మ పులిహోర. వెంకట సాయి గారు ఆ మాటే వాడారు. మెనూలో కూడా అలాగే రాయమన్నారు. అమర్ స్వీట్లు తెచ్చాడు. నేను ఒకటి తిన్నాను. బాగానే దిగింది, అదీ ఆశ్చర్యం.

ఆంటీకి సగం పని ఇద్దామని అమర్‌తో అన్నాను. ఇయ్యి, నేనెందుకు వద్దంట, కానీ వంటంతా నీదే అని అగ్రిమెంట్ల ఉన్నది, ఆమె గురించి ఏమని చెప్తవ్ వాళ్ళకు అన్నాడు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.


జూలై 17. గురువారం.

ఇంకా దిగజారడానికి మెట్లున్నాయని ఈరోజు తెలిసింది.

సర్కిల్ యానివర్సరీ ఇరవై ఏడున, సంగారెడ్డిలో ఫంక్షన్ హాల్లో, కుటుంబాలతో. ఈసారి మన వ్యాపారాల వెనకున్న అమ్మలకు సన్మానమట. మొట్టమొదటి పేరు మా నానమ్మది. ఆమె లేరండీ అన్నాను. పోయి ఎనిమిదేళ్ళైంది, ఇదొక్కటే నేను చెప్పిన నిజం. అయితే ఫొటోకు పూలదండ వేద్దాం మేడం అన్నారు రాజశేఖర్ గారు. దండ ఎవరు వేస్తే బాగుంటుందో కూడా ఆయనే ఆలోచించారు. ఆమె చేతి వంట తిన్న ఆ పెద్దమ్మ ఉన్నది గద, నేను ఫోన్ చేసిన, సరే అన్నది అన్నారు.

సరే అన్నారట.


జూలై 27. ఆదివారం.

నవీన్‌కుమార్ ఫ్లెక్సీ ఇంత ఎత్తు చేశాడు. దుకాణంలో గల్లా పైన వేలాడే ఫొటోనే, నాన్న దగ్గర తీసుకున్నది. అందులో నానమ్మ ముందు తక్కెడ ఉంటుంది. నవీన్‌కుమార్ తక్కెడ తీసేసి, కంప్యూటర్లో పులిహోర పళ్ళెం పెట్టాడు. నానమ్మ ముఖం మాత్రం ఎవరో బాకీ ఎగ్గొట్టినట్టు అలాగే ఉంది. కింద పెద్ద అక్షరాలతో, రాజమండ్రి రుచిని సంగారెడ్డికి తెచ్చిన మహాతల్లి కమలమ్మ గారు.

నాన్న ఆ లైను కింద చాలాసేపు నిలబడ్డాడు. మా నాన్న వెంకటనారాయణ అంటే గంజ్ బజారులో అందరికీ తెలుసు. తూకంలో గింజ తగ్గనివ్వడు. ఆ ఫ్లెక్సీ చూస్తూ చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

ఆంటీని స్టేజి మీదికి పిలిచారు. అదే పట్టుచీర. దండ వేయడానికి ఎత్తు చాలక కుర్చీ వేశారు. కుర్చీ ఎక్కి, ఎప్పుడూ చూడని మనిషి ఫొటోకు దండ వేసి, చెప్పులు విడిచిన పాదాలతో ఒక్క క్షణం నిలబడి దణ్ణం పెట్టుకున్నారు. నిజంగానే పెట్టుకున్నారు, నటన కాదు. రెండు మాటలు మాట్లాడమన్నారు. ఇంత పెద్దావిడను చూసే భాగ్యం, అని ఆగి, మళ్ళీ ఈరోజు కలిగింది అని దిగిపోయారు. వెంకట సాయి గారు ఆమెకు శాలువా కప్పబోతే, నాకెందుకండీ, ఆ తల్లికి కప్పండి అన్నారు. కప్పారు. ఫ్లెక్సీకి శాలువా నిలవక జారిపోతుంటే నవీన్‌కుమార్ సెల్లోటేపు వేశాడు.

నేను పక్కనే ఉన్నాను. మైకు నా చేతిలోనే ఉంది. ఈ పులిహోర ఈవిడది, అంతే, మూడే మాటలు. వెంకట సాయి గారు నవ్వుతూ చూస్తున్నారు. శుక్రవారం మొదటి భోజనం. మైకు రాజశేఖర్ గారికి ఇచ్చేశాను.

భోజనాల దగ్గర నాన్న పులిహోర నోట్లో పెట్టుకుని నెమ్మదిగా నమిలాడు. మంచిగున్నది బిడ్డా అన్నాడు. మా అమ్మ పుట్టిల్లు జోగిపేట గద, ఎప్పుడు మారింది అన్నాడు. నేను నీళ్ళ గ్లాసు అందించాను. తాగి, గిది మా అమ్మ చేస్తుండెనా, నాకైతె ఒక్కనాడు పెట్టలె అన్నాడు. కోపంగా కాదు. అందరి ముందూ కాదు, నాకే వినబడేలా. విస్తరి మడిచి లేచాడు. ఫొటో వాపసు తెచ్చియ్యి, దుకాణం గోడ బోసిగున్నది అన్నాడు. నా వైపు చూడలేదు.

నాకు సిగ్గుగా ఉంది. ఊరికే రాయడం కాదు, ఒళ్ళంతా సిగ్గుగా ఉంది.


ఆగస్టు 2. శనివారం.

నిన్న మొదటి శుక్రవారం. ప్లాంటులో పులిహోర మిగల్లేదు.

ఈరోజు ఇస్నాపూర్ వెళ్ళాను. దారిలో చెప్పాల్సిన మాటలన్నీ వరసగా పెట్టుకున్నాను. ఆంటీ నన్ను చూసి ఎంత సంబరపడ్డారో. వంట మనుషుల్లో ఒకామె మానేసిందట, మిగిలినామె ఉంది. బల్లలు సగం ఖాళీ. కూచోబెట్టి ప్లేటు పెట్టారు, చిక్కుడుకాయ కూర, చారు. వద్దంటే వినలేదు. తింటూ ఉన్నాను, ఆమె పక్కన నిలబడి వడ్డిస్తూ ఉన్నారు. రాజమండ్రి అని ఎందుకు చెప్పారాంటీ అని అడిగాను. అది మాత్రమే అడగగలిగాను.

మరి నువ్వలా నిలబడిపోతే నాకు చూడబుద్ధి కాలేదమ్మాయ్ అన్నారు. మా అమ్మాయి పదిమందిలో తలదించుకుంటే నేను కూచుని చూస్తానా అన్నారు. కొంచెం మజ్జిగ పోసుకో అన్నారు.

పోసుకున్నాను. తిని వచ్చేశాను. అనుకున్న మాటలు అలాగే తిరిగి తెచ్చుకున్నాను.


ఆగస్టు 12. మంగళవారం.

సాయంత్రం ఆంటీ ఫోన్. ఈసారి ఎత్తాను.

బొల్లారం ప్లాంటు పిల్లలు కొందరు ఇస్నాపూర్‌లోనే ఉంటారట. మధ్యాహ్నం మా భోజనం, రాత్రి ఆమె మెస్. ఆదివారం ఆమె పులిహోర చేస్తే, ఆంటీ ఇది పంక్తి వాళ్ళ నానమ్మ పులిహోర కదా, కాపీ కొట్టేసినవా అని ఆటపట్టించారట. ఆమె నవ్వేసి ఊరుకున్నారట. తర్వాత ఆలోచించారట. ఆ కంపెనీ వాళ్ళ చెవిన పడితే నీకేమైనా మాట వస్తుందేమో, నేను చేసుకోవచ్చామ్మాయ్, నీకు ఇబ్బంది లేకపోతేనే అని అడిగారు.

ఆమె గొంతులో వెటకారం ఉందేమోనని వెతికాను. ఫోన్ చెవికి గట్టిగా అదుముకుని మరీ వెతికాను. లేదు. ఉంటే నాకు ప్రాణం నిమ్మళించేది.

అయ్యో ఆంటీ, దాన్దేముంది, చేసుకోండి అన్నాను.

అనుమతి ఇచ్చాను. నేను, ఆమెకు.

అక్కడైనా ఆగానా. నానమ్మ పులిహోర అని మాత్రం అనకండి ఆంటీ, ఆ పేరు కంపెనీ వాళ్ళ మెనూలో ఉంది అన్నాను. నోరు దానంతటదే అనేసింది. సర్కిల్ నేర్పిన నోరు.

అలాగేనమ్మా అన్నారు. అమ్మాయ్ అనలేదు. అమ్మా అన్నారు, మందుల దుకాణంలోనో బ్యాంకులోనో ఎవరితోనైనా అనేటట్టు. థాంక్సమ్మా అని పెట్టేశారు.

ఆమె ఇంతకుముందు నాకెప్పుడూ థాంక్స్ చెప్పలేదు.


ఆగస్టు 14. గురువారం.

కథ చెప్పాను. ఈరోజు కళ్ళు మూసుకుంటే నానమ్మ నిజంగానే కనిపించింది. వంగి పులిహోర కలుపుతోంది. కుడి చేతి వాచీ మోచేతి దాకా నెట్టుకుని ఉంది. ముఖం ఎత్తలేదు.